ఊరు మారిన పలక

పైథాన్ క్లాసు రోజున మన ల్యాబ్‌లో అందరం తెరిచేది ఐడిల్‌నే. విండోస్ మీదే చూస్తాం కాబట్టి అది విండోస్‌కే పుట్టిందేమో అనిపిస్తుంది. కాదు. అదే ఐడిల్ లినక్స్ మీద నడుస్తుంది, యాపిల్ వాళ్ళ మ్యాక్ మీదా నడుస్తుంది. ఒకే ప్రోగ్రాం మూడు ఊళ్ళలో కాపురం పెట్టిందన్నమాట. బదిలీల ఇళ్ళల్లో పెరుగుతున్న మనకు ఇది ఆశ్చర్యం కలిగించే విషయం కాదు. మా ఇద్దరికే ఇప్పటికి మూడు ఊళ్ళయ్యాయి: విశాఖపట్నం, జబల్పూర్, ఇప్పుడు కోల్‌కతా.

మేము అక్కాతమ్ముళ్ళం. ఒకరు 11వ తరగతి, ఒకరు 8వ తరగతి. మేము కలిసి రాసిన ఒక చిన్న కోడ్ ఎడిటర్ ఉంది. దాని పేరు పలక. ఈ ఏడాది సరస్వతీ పూజ సెలవుల్లో దాన్ని విండోస్ నుంచి మ్యాక్‌కి మార్చాల్సి వచ్చింది. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఏవి మార్చామో, ఏవి మార్చలేదో ఇక్కడ రాస్తున్నాం.

ముందు పలక ఎవరి కోసమో చెప్పాలి. అది మా నానమ్మ కోసం. నానమ్మ బొబ్బిలిలో చాలా ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసింది. మూడేళ్ళ క్రితం మాతో కోల్‌కతా వచ్చింది. మాలో పెద్దది హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని చూసి, "ఏటమ్మా ఇది, బీజగణితమే కదా! పేరు పెట్టడం, విలువ ఇవ్వడం," అంది. వారం తిరక్కుండా పాల లెక్కకు ప్రోగ్రాం రాసింది. అందులో పేర్లన్నీ తెలుగే: పాలు, ధర, రోజులు, మొత్తం. పైథాన్ 3లో చరరాశుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ సంగతి మాకు నానమ్మ వల్లే తెలిసింది. ఆమె అడగలేదు, రాసేసింది. అది నడిచింది.

ఐడిల్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కానీ తప్పు వస్తే కనిపించే సందేశం ఇంగ్లీషులో ఉంటుంది. నానమ్మకు ఇంగ్లీషు రాక కాదు. "తెలుగులో లెక్క రాస్తే ఇంగ్లీషులో తిడుతుందేటిరా," అనేది. అందుకని పైథాన్‌తోపాటే వచ్చే టికింటర్‌తో పలక రాశాం. పెద్ద అక్షరాలు, నాలుగు బొత్తాలు, తెలుగు మెనూ, తెలుగులో తప్పుల సందేశాలు. పెట్టని పేరు వాడితే "ఈ పేరు ఇంకా పుట్టలేదు" అంటుంది.

పలకలో ఇంకో పని కూడా ఉంది. అది తెలుగు రాతకు అవసరమైన పని. "కోల్‌కతా" అని రాసేటప్పుడు ల్‌కి, కకి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. అది లేకపోతే క వెళ్ళి ల కింద వత్తుగా చేరుతుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. మామూలు రాతలో అది ఉండాల్సిందే. పైథాన్ మాత్రం చరరాశి పేరులో దాన్ని ఒప్పుకోదు, అక్కడే ఆగిపోతుంది. కనిపించని అక్షరం వల్ల ప్రోగ్రాం ఆగితే ఎంత వెతికినా కారణం కనిపించదు కదా. అందుకని పలక ఆ చోట ఎర్ర గీత గీసి "ఇక్కడ కనిపించని అక్షరం ఉంది" అని చెబుతుంది.

రెండేళ్ళు పలక మా పాత విండోస్ లాప్‌టాప్‌లో హాయిగా నడిచింది. నానమ్మ ఫైళ్ళు అరవై దాటాయి. పాల లెక్క, కరెంటు లెక్క, లేక్ మార్కెట్‌లో కొన్న కాఫీ పొడి లెక్క, ఎక్కాలు, తిథులు లెక్కగట్టే పెద్ద ప్రోగ్రాం ఒకటి.

మా క్వార్టర్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. నానమ్మ మోకాళ్ళు ఆ మెట్లకు ఇక ఒప్పుకోవడం లేదు. వచ్చే వేసవిలో నాన్నకు మళ్ళీ బదిలీ ఉండవచ్చు. అప్పుడు దొరికే ఇల్లు ఎన్నో అంతస్తులో ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకని విశాఖలో బాబాయి దగ్గర ఉంటే మంచిదని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఆ ఇల్లు కింది అంతస్తు. బాబాయి నానమ్మను తీసుకెళ్ళడానికి వస్తూ తన పాత మ్యాక్‌బుక్ తెచ్చాడు. "అమ్మా, ఇది నీకే," అన్నాడు. నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మమ్మల్ని ఒకటే అడిగింది. "ఇందులో నా పలక ఉంటుందా?"

ఇంట్లో ఉన్నది ఒకే లాప్‌టాప్. అది మా చదువులకు కావాలి. కాబట్టి పలకే మ్యాక్‌కి వెళ్ళాలి. పైగా అక్కడ పక్కన మేము ఉండం. ఇక్కడ ఏదైనా తేడా వస్తే "ఒరేయ్" అని పిలిస్తే చాలు, ఎవరో ఒకరం వెళ్ళేవాళ్ళం. అక్కడ పిలిస్తే వినపడదు.

కొత్త ఊళ్ళో బతకడానికి రెండు దారులున్నాయి. మనందరం రెండూ చూసినవాళ్ళమే. ఒకటి, పక్కన ఒక దుబాసీని పెట్టుకోవడం. రెండోది, ఆ ఊరి పద్ధతి మనమే నేర్చుకోవడం. కోల్‌కతా వచ్చిన కొత్తలో కూరగాయల బండి దగ్గర నానమ్మకు దుబాసీలం మేమే. ఆమె తెలుగులో అడిగితే మేము హిందీలో చెప్పేవాళ్ళం. ఆయన బెంగాలీలో జవాబిస్తే మళ్ళీ తెలుగులోకి తెచ్చేవాళ్ళం. పని జరిగేది, కానీ నెమ్మదిగా. మేము బడికి వెళ్తే అసలు జరిగేది కాదు.

కంప్యూటర్ల ప్రపంచంలోనూ ఇలాంటి దుబాసీ ఉంది. మ్యాక్‌లో చాలా ఏళ్ళు ఇంటెల్ చిప్‌లు ఉండేవి. 2020 నవంబర్‌లో యాపిల్ తన సొంత చిప్ ఎం1తో మ్యాక్‌లను తెచ్చింది. రెండు చిప్‌ల భాషలు వేరు. పాత ప్రోగ్రాంలు కొత్త చిప్ మీద ఆగిపోకుండా రోసెట్టా 2 అనే అనువాదకుణ్ణి ఇచ్చింది. ఆ పేరు 1799లో ఈజిప్టులో దొరికిన రోసెట్టా రాయిది. ఒకే శాసనం మూడు లిపుల్లో చెక్కి ఉన్న ఆ రాయి సాయంతోనే ప్రాచీన ఈజిప్టు లిపిని చదవగలిగారు.

రోసెట్టా చాలావరకు ప్రోగ్రాంను ముందే అనువదించి పెట్టుకుంటుంది. కానీ కొన్ని ప్రోగ్రాంలు నడుస్తూ నడుస్తూ అప్పటికప్పుడు కొత్త ఆదేశాలు తయారుచేసుకుంటాయి. మీలో చాలామంది వాడే విఎస్ కోడ్ అలాంటిదే. దాని లోపల క్రోమ్ బ్రౌజర్‌లో ఉండే జావాస్క్రిప్ట్ ఇంజినే ఉంటుంది. అప్పటికప్పుడు పుట్టే మాటలను అప్పటికప్పుడే అనువదించాలంటే ఏ దుబాసీకైనా కష్టమే. అందుకే ఆ ఎడిటర్‌ను కొత్త చిప్ భాషలోకే తిరిగి తయారుచేసి, 2021 మార్చిలో అందరికీ విడుదల చేశారు. సబ్లైమ్ టెక్స్ట్ కూడా అదే ఏడాది మే నెలలో వచ్చిన 4వ వెర్షన్‌తో అలాగే మారింది.

దుబాసీ ఎల్లకాలం ఉండడు. 2006లో మ్యాక్‌లు పవర్‌పీసీ చిప్ నుంచి ఇంటెల్‌కి మారినప్పుడు వచ్చిన మొదటి రోసెట్టాను 2011లో తీసేశారు. రెండో రోసెట్టా కూడా మ్యాక్‌ఓఎస్ 27 తర్వాత పూర్తిగా ఉండదని యాపిల్ 2025లోనే చెప్పేసింది. ఇది చదివాక మాకు మా సంగతే గుర్తొచ్చింది. నానమ్మకు రోసెట్టాలం మేమే. ఆ రోసెట్టాను తీసేసే తేదీ కూడా రైలు టికెట్ మీద అచ్చయి ఉంది.

మొదటి రోజు మ్యాక్‌లో పైథాన్ పెట్టాం. పైథాన్ వాళ్ళు ఇచ్చే మ్యాక్ ప్యాకేజీలో ఇంటెల్ భాష, యాపిల్ చిప్ భాష రెండూ కలిపి ఉంటాయి. మా కోడ్‌ను చదివి నడిపేది పైథానే కాబట్టి, పైథాన్ ఆ చిప్ భాష మాట్లాడితే మా పలకా మాట్లాడినట్టే. పెన్‌డ్రైవ్‌లోంచి పలకను తెచ్చి నడిపాం. కిటికీ తెరుచుకుంది, తెలుగు కనిపించింది. పాల లెక్క నడిపితే కోల్‌కతాలో వచ్చిన మొత్తమే మ్యాక్‌లోనూ వచ్చింది. అరవై ఫైళ్ళూ తెరిచి చూశాం. మొదటి నుంచి యుటిఎఫ్-8లోనే దాచాం కాబట్టి ఒక్క గుణింతం కూడా చెదరలేదు.

ఇంకేముంది, అయిపోయినట్టేనా? నానమ్మను కూర్చోబెట్టాం. అప్పుడు తెలిసింది, నడవడం వేరు, కాపురం చేయడం వేరు అని.

ఆమె కుడి మౌస్ నొక్కితే మెనూ రాలేదు. మేము వాడిన టికె 8.6లో విండోస్ మీద కుడి బొత్తం 3వది, మ్యాక్ మీద 2వది. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే పలక తెరుచుకోలేదు. కంట్రోల్, ఎ కలిపి నొక్కితే మొత్తం ఎంపిక కాలేదు, కర్సర్ వెళ్ళి వాక్యం మొదట్లో నిలబడింది.

ఇక్కడ ఐడిల్ మాకు గురువైంది. పైథాన్ పెట్టిన చాలా కంప్యూటర్లలో ఐడిల్‌లిబ్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఐడిల్ కోడ్ అంతా అందులోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. మన ల్యాబ్‌లో కూడా ఉంది. అందులో మ్యాక్‌ఓఎస్‌ఎక్స్ అనే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంది. ఐడిల్ మ్యాక్ మీద ఉన్నప్పుడు ఎలా మసలుకోవాలో ఆ ఫైలులో రాసి ఉంది. విండోస్ మీద దానికి పనేమీ లేదు, అయినా సామాన్లలో ఉంటుంది, మనం వేసవిలో కూడా పెట్టె అడుగున స్వెటర్లు ఉంచుకున్నట్టు.

ఆ ఫైలు ఏం చేస్తుందో చూడండి. మ్యాక్‌లో మెనూ కిటికీకి ఉండదు, తెర పైఅంచున ఉంటుంది. ప్రోగ్రాం పేరుతో ఒక మెనూ ఉంటుంది. "దీని గురించి", "అమరికలు", "ముగించు" అన్నవి అందులోనే ఉండాలి. విండోస్‌లో అవి ఫైల్, ఆప్షన్స్, హెల్ప్ మెనూల్లో ఉంటాయి. ఆ ఫైలు వాటిని అక్కడి నుంచి తీసి ఇక్కడ పెడుతుంది. కుడి మౌస్ సంగతి సరిచేస్తుంది. బయట ఫైలు మీద రెండుసార్లు నొక్కినప్పుడు మ్యాక్ పంపే కబురును అందుకుంటుంది. ఇవి కాక ఐడిల్‌లో విండోస్‌కి ఒక కీల పట్టిక, మ్యాక్‌కి ఒక కీల పట్టిక విడివిడిగా ఉన్నాయి. మిగతా ఐడిల్ అంతా అన్ని చోట్లా ఒకటే.

మేమూ అదే దారి పట్టాం. పలకలో ఊరిని బట్టి మారేవన్నీ ఏరి ఒక కొత్త ఫైలులో పెట్టాం. దానికి "ఊరు" అని పేరు పెట్టాం. అందులో రెండు భాగాలు, విండోస్‌కి ఒకటి, మ్యాక్‌కి ఒకటి. పలక తెరుచుకోగానే ముందు తను ఏ ఊళ్ళో ఉందో అడిగి తెలుసుకుంటుంది. తర్వాత ఆ భాగం చదువుకుంటుంది. ఫాంటు పేరు కూడా అందులోకే వెళ్ళింది. విండోస్‌లో తెలుగుకు గౌతమి అనే ఫాంటు చాలాకాలంగా ఉంది, నిర్మల అని ఇంకోటి తర్వాత వచ్చింది. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంది. "గౌతమి అంటే మన గోదారే కదా. ఇక్కడ కోహినూరా? అదీ మన కృష్ణ ఒడ్డున దొరికిందే," అని నానమ్మ సంతోషించింది.

కీల దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. విండోస్‌లో కాపీకి కంట్రోల్, సి. మ్యాక్‌లో కమాండ్, సి. నానమ్మ వేళ్ళకు కంట్రోల్ అలవాటు. ఆమె కోసమే కదా పలక, మ్యాక్‌లోనూ కంట్రోలే ఉంచుదామని మాలో చిన్నవాడు అన్నాడు. పెద్దది ఒప్పుకోలేదు. మ్యాక్‌లో కంట్రోల్ ఖాళీగా లేదు. కంట్రోల్, ఎ అంటే వాక్యం మొదటికి. కంట్రోల్, ఇ అంటే చివరికి. కంట్రోల్, కె అంటే అక్కడి నుంచి వాక్యం చివరి దాకా తుడిచెయ్యి అని. ఆ కుర్చీల్లో అప్పటికే మనుషులు కూర్చుని ఉన్నారు. పైగా నానమ్మ అక్కడ పలక ఒక్కటే వాడదు, ఉత్తరాలు రాస్తుంది, వార్తలు చూస్తుంది. అవన్నీ కమాండ్ అంటుంటే పలక ఒక్కటే కంట్రోల్ అంటే ఎలా?

రెండూ పెడదామా అని నానమ్మనే అడిగాం. ఆమె కాసేపు ఆలోచించింది. "ఇక్కడ నీళ్ళు తాగుతారా అనడానికి ఏమంటారు?" అంది. "జొల్ ఖాబే," అన్నాం. బెంగాలీలో నీళ్ళు కూడా తినడమే, ఒకటే క్రియ. "నేను మొదట్లో నవ్వాను. తర్వాత నేనూ అలాగే అన్నాను. అంతమాత్రాన ఇంట్లో మీతో నీళ్ళు తింటారా అన్నానా? ఆ ఊరి కీలు ఆ ఊరివే పెట్టండి. నా పేర్లు మాత్రం ముట్టుకోకండి," అంది.

మా వాదన అక్కడితో ముగిసింది. పలక మార్పిడి మొత్తానికీ మాకు దొరికిన సూత్రం కూడా అదే. కీలు, మెనూలు, మౌస్, ఫాంటు, ఫోల్డర్ల దారులు ఆ ఊరివి. పాలు, ధర, తిథి, తెలుగు సందేశాలు, ఎర్ర గీత నానమ్మవి. మొదటివాటిని మొహమాటం లేకుండా మార్చాలి. రెండోవాటి జోలికి పోకూడదు. కష్టమంతా ఏది ఏ గంపలోదో తేల్చడంలోనే ఉంది.

మూడో రోజు సరస్వతీ పూజ. కోల్‌కతాలో ఉన్నవాళ్ళకు తెలుసు, ఆ రోజు పిల్లలు పుస్తకాలు అమ్మవారి దగ్గర పెట్టేస్తారు, చదవరు. చిన్నపిల్లల చేత పలక మీద మొదటి అక్షరం రాయిస్తారు. దాన్ని "హాతే ఖొడి" అంటారు. మన అక్షరాభ్యాసమే. వసంత పంచమికి బాసరలో జరిగేదీ అదే. కింది అంతస్తు ఆంటీ నానమ్మను "మాశిమా" అని పిలిచి పూజకు రమ్మన్నారు. నానమ్మ మ్యాక్‌బుక్ కూడా తీసుకెళ్ళి పుస్తకాల పక్కన పెట్టింది. "పలకే కదా," అంది. దాంతో మాకు ఒక పూట పోయింది. పుష్పాంజలి అయ్యాక మధ్యాహ్నం తిరిగి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నిటికన్నా పెద్ద పని మిగిలింది. నానమ్మ మెనూలోకి వెళ్ళి ఫైలు తెరవదు. ఫైలు మీదే రెండుసార్లు నొక్కుతుంది. విండోస్‌లో అలా నొక్కితే ప్రోగ్రాం మొదలవుతూనే ఫైలు పేరు దాని చేతికి అందుతుంది. మ్యాక్‌లో అలా కాదు. ముందు ప్రోగ్రాం తెరుచుకుంటుంది, తర్వాత "ఈ ఫైలు తెరువు" అని మ్యాక్ కబురు పంపుతుంది. ఆ కబురు వినడానికి ఒకరు సిద్ధంగా ఉండాలి. ఐడిల్ ఫైలు చూసి పలకకూ అలా వినేలా రాశాం. అయితే మ్యాక్ కబురు పంపాలంటే పలక ఒక సరైన యాప్‌గా ఉండాలి. యాప్ అంటే బయటికి ఒకే బొమ్మగా కనిపించే ఫోల్డర్. లోపల పైథాన్, మా కోడ్, ఏ రకం ఫైళ్ళు తనవో చెప్పే చీటీ ఉంటాయి. పై టు యాప్ అనే ఉచిత సాధనం ఆ మూట కట్టిపెడుతుంది. సాయంత్రానికి పలక బొమ్మ మ్యాక్ అడుగున వరసలో వచ్చి కూర్చుంది.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ అని ఒకటుంది. నడుస్తున్న ప్రోగ్రాంలన్నిటి పట్టిక అది. అందులో "రకం" అనే గడిలో ఇంటెల్ అని ఉంటే ఆ ప్రోగ్రాం దుబాసీ సాయంతో నడుస్తోందని అర్థం. యాపిల్ అని ఉంటే సొంతంగా నడుస్తోందని. పలక పక్కన యాపిల్ అని ఉంది. మేము ఆ గడి వైపు చాలాసేపు చూశాం.

నాలుగో రోజు పరీక్షలు. మొదటి పరీక్ష "జ్ఞా"తో. దానికో కారణం ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను, మ్యాక్‌లను కూలదోసింది. జ, పొల్లు, ఞ, ఆ కనిపించని 200సి, ఆ తర్వాత దీర్ఘం, ఈ ఐదు సంకేతాలు వరసగా వస్తే దాన్ని తెరమీద చూపబోయిన యాప్ మూతపడేది. కొన్ని బెంగాలీ, దేవనాగరి అక్షరాలకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న యాపిల్ కొత్త అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ ఐదు సంకేతాలనూ పలకలో పెట్టి చూశాం. ఏమీ కాలేదు. ఎర్ర గీత మాత్రం ఠంచనుగా వచ్చింది. నానమ్మకు ఆ కథ చెబితే, "అంత పెద్ద కంపెనీ జ్ఞానం దగ్గరే తడబడిందా," అని నవ్వింది.

తర్వాత మేము గదిలోంచి బయటికి వచ్చేశాం. ఇదే అసలు పరీక్ష. నానమ్మ ఒక్కతే మ్యాక్ తెరిచి, తిథుల ప్రోగ్రాం మీద రెండుసార్లు నొక్కి, ఒక వాక్యం మార్చి, దాచి, మూసి, మళ్ళీ తెరవాలి. పిలవకూడదు. మేము వంటింట్లో నిలబడ్డాం. అమ్మ ఉప్మా కలుపుతూ మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. పది నిమిషాలైంది. పదిహేనైంది. పిలుపు రాలేదు. వెళ్ళి చూస్తే తిథుల పని ముగించి, పక్కనే కొత్త ఫైలు తెరిచి విశాఖ ఇంటి సామాన్ల జాబితా రాసుకుంటోంది. మేము వచ్చినట్టు కూడా చూడలేదు. కావాలనుకున్నది జరిగినందుకు మాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ మమ్మల్ని పిలవాల్సిన పని ఆమెకు ఇక లేదని తెలిసినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది.

ఇలా ఊళ్ళు మారిన ఎడిటర్లు చాలా ఉన్నాయి. విమ్ అనే ఎడిటర్ నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ చేతుల్లో అమీగా అనే కంప్యూటర్ మీద మొదలై 1991లో విడుదలైంది. 1992లో యూనిక్స్‌కి వెళ్ళింది. తర్వాత విండోస్‌కి, మ్యాక్‌కి చేరింది. అమీగా కంప్యూటర్లు ఇప్పుడు దాదాపు కనిపించవు. విమ్ మాత్రం బతికే ఉంది. పుట్టిన ఊరినే పట్టుకుని ఉంటే ఆ ఊరితోనే పోయేది.

మన విద్యాలయాలు కూడా ఇలాంటివే. బదిలీలయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు మధ్యలో ఆగకూడదనే 1963లో ఈ ఏర్పాటు మొదలైంది. ఇప్పుడు 1,200కు పైగా ఉన్నాయి. ఖాట్మండు, మాస్కో, టెహ్రాన్‌లలో కూడా ఒక్కొక్కటి ఉంది. పుస్తకాలు అవే, ప్రార్థన అదే. జబల్పూర్‌లో ఆగిన పాఠం దగ్గరే కోల్‌కతాలో మొదలుపెట్టాం. మారినవి బయటివి: బస్సు నంబరు, టిఫిన్ డబ్బాల్లో వాసనలు, స్నేహితులు మా పేర్లను పలికే తీరు. వాటికి "ఊరు" ఫైలు ఒకటి చాలు.

అయితే అన్నీ ఆ మూటలో పట్టవు. మా బళ్ళో తెలుగు క్లాసు లేదు. మా ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది, ఒత్తులు సరిచేసింది, ఈ శీర్షికకు రాయగలిగేలా చేసింది నానమ్మే. పలకను మ్యాక్‌కి పంపగలిగాం. కానీ సాయంత్రం ఆరింటికి మా పక్కన కూర్చుని "ణ కాదమ్మా, న" అనే మనిషిని ఏ సాధనంతోనూ ఇక్కడ ఉంచుకోలేకపోయాం. ఇప్పుడు ఆదివారాలు ఫోన్‌లో ఆ పని జరుగుతోంది. ఈ వ్యాసం కూడా ఆమె చూసి, ఎర్ర గీతలు పెట్టి పంపిందే.

నానమ్మ వెళ్ళి నెలన్నర అయింది. తప్పుల సందేశాలను ఒక విడి ఫైలులో పెట్టి, ఆమె కూడా తెరవగలిగేలా చేశాం. పోయిన వారం ఆ ఫైలు మాకు పంపింది. అందులో మేము రాయని సందేశం ఒకటి ఉంది. ఏ సంఖ్యనైనా సున్నాతో భాగించబోతే పలక ఇప్పుడు ఇలా అంటుంది: "సున్నాతో భాగించకూడదని ఆరో తరగతిలోనే చెప్పాను. మళ్ళీ చూసుకో."

దాన్ని మా విండోస్ పలకలో కూడా చేర్చుకున్నాం. నాన్న బదిలీ ఉత్తర్వు ఇంకా రాలేదు. ఈలోగా ల్యాబ్‌లో పక్కనబెట్టిన ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ పెట్టుకోవడానికి సార్ ఒప్పుకున్నారు. "ఊరు" ఫైలులో మూడో భాగం మొదలుపెట్టాం.